చేదబావి బ్యాక్టీరియా కొత్తదేనని తేల్చేదాకా

తాగునీటిలో ఉండే బ్యాక్టీరియా మీద హన్మకొండలో పరిశోధన చేస్తున్నాను. ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువులు, ఊళ్లలోని చేదబావులు, భగీరథ నల్లాలు అన్నీ తిరిగాను. నల్లా నీళ్లు పట్టే సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ వేసుకోవాలి. లేకపోతే ల్యాబ్‌కు చేరేలోపు నీళ్లలోని క్లోరిన్ సగం సరుకును చంపేస్తుంది.

"ఏం బిడ్డా, మా నీళ్లు ఖరాబైనయా?" అని ఓ చేదబావి దగ్గర అవ్వ అడిగింది. కొంచెం తేడాతో ప్రతి ఊళ్లోనూ ఇదే ప్రశ్న. మంచినీళ్లలోనూ బ్యాక్టీరియా ఉంటుంది, చాలావరకు మనల్నేమీ చేయదు. మన దేశంలో తాగునీటికి పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణం బ్యాక్టీరియా విషయంలో అడిగేది, నీళ్లలో మురుగు కలిసిందేమోనని చెప్పే ఈ.కోలై, కోలిఫామ్‌లు 100 మిల్లీలీటర్లలో కనిపించకూడదనే. ఇదంతా బావిగట్టు మీద చెప్పడం కుదరదు కాబట్టి, "ఖరాబు కాలేదవ్వా, అందుల ఏమున్నయో చూస్తున్నం" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు.

నీటి బ్యాక్టీరియాకు మేత తక్కువుంటేనే నయం. అందుకే బ్యాక్టీరియాను పెంచడానికి 1985లో వచ్చిన, తక్కువ మేత ఉండే ఆర్2ఏ అగార్ అనే జెల్లీ వాడతాం. వారం దాకా ఓపిక పట్టాలి. చేదబావి నీళ్ల ప్లేటులో మొదట నా కళ్లు గులాబీ రంగు కాలనీల (కంటికి కనిపించే బ్యాక్టీరియా గుంపుల) మీదే. తీరా చూస్తే అవి మిథైలోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా, నల్లా నీళ్లలో మామూలుగా ఉండేదే. అసలు సంగతి పక్కనున్న వెలిసిన మీగడ రంగు చుక్కలో ఉంది.

బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే దాని 16ఎస్ జన్యువు చదివించాం, సుమారు 1,500 డీఎన్ఏ అక్షరాలు. జన్యువులను పోల్చి వెతికే బ్లాస్ట్‌లో చూస్తే పైన వచ్చినవన్నీ పేరు లేని, ఎవరూ పెంచని బ్యాక్టీరియాలే. ఏ ఉపయోగమూ లేదు. ఈజ్‌బయోక్లౌడ్ అనే డేటాబేస్‌లో టైప్ స్ట్రెయిన్‌లతో (ఒక్కో జాతికి ప్రమాణంగా ఉంచిన నమూనాలతో) పోలిస్తే దగ్గరిదానితో పోలిక 97.6 శాతం. 98.7 కంటే తక్కువైతే కొత్త జాతి అయ్యే అవకాశం ఉంటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా గైడ్ సార్ మాత్రం పొంగిపోలేదు. "జీనోమ్ చేయించు, తర్వాత మాట్లాడదాం" అన్నారు. అంటే ఒక్క జన్యువు కాదు, మొత్తం డీఎన్ఏ చదివించాలని. ఆయన జాగ్రత్త అర్థమైంది. హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ పైనుంచి పట్టిన గాలి నమూనాల్లో దొరికిన బాసిల్లస్ ఆర్యభట్టై 2009లో కొత్త జాతిగా వచ్చింది. అది ముందే పేరున్న బాసిల్లస్ మెగటేరియమే అని 2019లో జీనోమ్‌లు పోల్చి ఇంకో బృందం చెప్పింది. అంత పేరున్న బృందం పెట్టిన పేరుకే అలా జరిగితే మేమెంత?

జీనోమ్ పోలికలో 95 శాతం దాటితే అదే జాతి. మాది 82 దగ్గర ఆగింది. ఊపిరి పీల్చుకున్నాం.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. కొత్త జాతి అనాలంటే కణంలోని కొవ్వు ఆమ్లాలను కూడా దగ్గరి జాతులతో పోల్చి చూపాలి. అవి బ్యాక్టీరియాను పెంచే ఉష్ణోగ్రతను బట్టి మారిపోతాయి కాబట్టి, దీని దగ్గరి చుట్టాలను కూడా కొని తెచ్చి, ఇదే అగార్ మీద, ఇదే వేడిలో పెంచాలి. ఒక పార్శిల్‌లో వచ్చిన కల్చర్ (బతికున్న బ్యాక్టీరియా నమూనా) ఎంత బతిమాలినా లేవలేదు, మళ్లీ డబ్బు కట్టాం.

ఇప్పుడు రెండు వేర్వేరు దేశాల కల్చర్ కలెక్షన్లలో, అంటే బ్యాక్టీరియాను భద్రపరిచే కేంద్రాల్లో, మా బ్యాక్టీరియాను దాచిపెట్టాలి, లేకపోతే పేరు చెల్లదు. చండీగఢ్‌లోని కేంద్రానికి పంపాం, జపాన్‌కు పంపే కాగితాలు నడుస్తున్నాయి. పేరు చివర 'వరంగలెన్సిస్' అని రాసుకున్నాను. ఓరుగల్లు పేరే పెట్టాలని మా జూనియర్ల పట్టు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.