లక్షన్నర అంటే ఎంత?

మొన్న వేసవి సెలవులకు ఊరెళ్లాం. మాది కోవూరు దగ్గర పల్లె. ఒకరోజు పొద్దున్నే నాన్న వసారాలో కూర్చుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నెల్లూరులో ఉన్న నలభై అంకణాల స్థలం బేరం. అంకణం అంటే మా వైపు స్థలాలకు వాడే కొలత. "అంకణం లక్షన్నర చెప్తున్నారు" అన్నాడు. పక్కనే ఉన్న మా అమ్మాయి క్యాలెండర్ కాగితం వెనక గబగబా ఏదో రాసి, "తాతా, మొత్తం నలభై లక్షల ఇరవై రూపాయలు" అంది.

నాన్న ఫోను పక్కన పెట్టి అడిగాడు. "నలభై లక్షలు సరే, ఆ ఇరవై ఏందమ్మణ్ణీ?"

కాగితం చూశాక నాకు నవ్వాలో తల పట్టుకోవాలో తెలియలేదు. 1,00,000.5 అని రాసి నలభైతో గుణించింది. తప్పెలా అవుతుందని నాతోనే వాదన. ఒకటిన్నర అంటే ఒకటీ అర. రెండున్నర అంటే రెండూ అర. మరి లక్షన్నర అంటే లక్షా అర కాదా?

గుణకారంలో తప్పు లేదు. నలభై అరలు ఇరవయ్యే. కానీ మన భాషలో ఆ 'అర' రూపాయిది కాదు, లక్షది. అంకణం లక్షా యాభై వేలు, మొత్తం అరవై లక్షలు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, వింటూ పెరిగాను. దానికి ఆ వినడమే లేదు. మేముండేది విదేశంలో, అక్కడ మా ఇంట్లో తెలుగు అంకెలు ఇరవై దగ్గర ఆగిపోతాయి. పద్యాలు నేర్పించాం, ఒత్తులు దిద్దించాం, కూరగాయల పేర్లన్నీ చెప్పించాం. ధర చెప్పాల్సి వస్తే మాత్రం నేనూ మా ఆయనా కూడా ఇంగ్లీషులోకి దూకేస్తాం. ఆ మాటకొస్తే నెల్లూరులో ఉన్న మా అన్న పిల్లలకీ 'డెబ్బై తొమ్మిది' అంటే టెన్షనే.

అంకణం సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు. ఎకరాకు సరిగ్గా 605 అంకణాలు. తిరుపతి వెళ్తే అదే అంకణం 36 అడుగులే. "పేరు ఒకటే, కొలత వేరా? మరి బోర్డు పెట్టరా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. స్థలం కొనేవాళ్లు కూడా ముందు అదే అడగాలి.

కామాల దగ్గర ఇంకో పేచీ. అది 6,000,000 అని రాస్తే నాన్న కళ్లజోడు సవరించుకుని, కామాలు చెరిపేసి 60,00,000 అని పెట్టుకుంటే గానీ చదవలేకపోయాడు. సున్నాలు అవే, కత్తి పెట్టే చోటు వేరు. నా బుర్రలో రెండు కత్తులూ ఉన్నాయి. మేము అక్కడ ఇల్లు కొన్నప్పుడు బ్యాంకువాళ్లతో నాలుగు వందల ఎనభై వేల డాలర్లని ఏ బెదురూ లేకుండా మాట్లాడాను. ఆ రాత్రి డాలరు 85 అనుకుని గుణించి చూస్తే నాలుగు కోట్ల ఎనిమిది లక్షలు! అప్పుడు పట్టుకుంది భయం.

నాన్న చదివింది పాత ఎస్సెస్సెల్సీ. నోటిలెక్క ఆయనకు సరదా. మనవరాలికి ఒక లెక్క ఇచ్చాడు. మా జిల్లాలో వడ్లు పుట్లలో చెప్పుకుంటాం, పుట్టి అంటే 850 కిలోలు. 2024-25లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటా 2,300. ఎకరాకు నాలుగు పుట్లు పండితే ఐదెకరాలకు ఎంత? అది కాగితం మీద నిలువుగా గుణకారం మొదలుపెట్టింది. ఈయన ఆకాశం వైపు చూస్తూ, "ఎనిమిది క్వింటాళ్లకు 18,400, అర క్వింటాకు 1,150. పుట్టి 19,550. ఎకరాకు 78,200. ఐదెకరాలకు మూడు లక్షల తొంభై ఒక్క వేలు" అన్నాడు. అది ఇంకా పుట్టి దగ్గరే ఉంది.

"ఇందులో కౌలు, ఎరువులు, కోతమిషను బాడుగ తీసెయ్. తేమ ఉందని పుట్టికి ఇన్ని కిలోలు తరుగు పట్టుకుంటారు, అదీ తీసెయ్" అన్నాడు.

"అవన్నీ లెక్కలో ఇవ్వలేదు కదా తాతా."

"ఇవ్వరమ్మణ్ణీ, తీసుకుంటారు."

ఆ మాట దానికి అర్థం కాలేదు. మా అమ్మ మాత్రం వంటింట్లోంచి నవ్వింది.

నాన్నను అది పట్టేసింది టీఎంసీ దగ్గర. పేపరు రాగానే ఆయన ముందు చూసేది సోమశిల జలాశయంలో నీళ్లెన్ని ఉన్నాయని. నిండితే 78 టీఎంసీలు. "టీఎంసీ అంటే ఏంటి తాతా?" అంటే, "11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ" అన్నాడు ఠక్కున. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ అనే అక్షరాలకు అర్థం మాత్రం ఆయన ఎప్పుడూ అడగలేదట. థౌజండ్ మిలియన్ క్యూబిక్ ఫీట్ అని నేను చెప్పాను. "అంటే బిలియన్, వంద కోట్లు" అని అదే విడగొట్టింది. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున నిండు సోమశిల రెండు లక్షల ఇరవై వేల కోట్ల లీటర్లు. దానికది 2.2 ట్రిలియన్. మనం వాడుకలో కోటి దాటాక మళ్లీ వెనక్కొచ్చి లక్ష కోట్లంటాం. అది దానికి బాగా నచ్చింది, కొత్త పేరు గుర్తు పెట్టుకునే పని లేదని.

తాత మాట నిజమో కాదో కూడా చూసింది. రోజుకు 86,400 సెకన్లు, దాన్ని 11,574తో గుణిస్తే 99,99,93,600. "తాతా, 6,400 ఘనపుటడుగులు తక్కువొచ్చాయి."

"నెల్లూరు ఎండలకు ఆవిరైపోయుంటాయిలే" అన్నాడు.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు లెక్క ఇవ్వడం దాని వంతయింది. పుట్టికి ఎన్ని గింజలు? నాన్న దగ్గర జవాబు లేదు. ఇద్దరూ చేట ముందేసుకుని, బీపీటీ రకం వడ్లు వందేసి చొప్పున పది కుప్పలు పెట్టారు. మధ్యలో మా చిన్నాడు వచ్చి ఒక కుప్ప కలిపేస్తే మళ్లీ మొదటి నుంచి. పక్కనున్న కొట్టులో కాటా మీద వేస్తే వెయ్యి గింజలు 15 గ్రాములు తూగాయి. పుట్టికి ఎనిమిదిన్నర లక్షల గ్రాములు. ఈసారి 'ఎనిమిదిన్నర లక్షలు' అన్నది అదే. పదిహేనుతో భాగించి, వెయ్యితో గుణించి 5,66,66,667 అని రాసింది, కామాలు తాత పెట్టే చోటే పెట్టి.

నాన్న కాగితం చూసి, "ఐదు కోట్ల అరవై ఆరు లక్షలా!" అని ఆగి, ఎందుకైనా మంచిది ఇంకోసారి తూకం వేద్దామన్నాడు. వెళ్లి చూస్తే చేటలో గింజల్లేవు. కోళ్లు తినేశాయి.