దోహాలో విమానం మారిన మూడు గంటలు

డాలస్‌లో ఉన్న మా పాప రెండో కాన్పుకు నేను ఒక్కదాన్నే బయల్దేరాల్సి వచ్చింది. మా అనంతపురం వాళ్లకు దేవనహళ్లి విమానాశ్రయం దాదాపు 180 కిలోమీటర్లు. 44వ నంబరు హైవే మీద పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి దాటితే వచ్చేస్తుంది. బెంగళూరు ఊళ్లోకి పోయే పనే లేదు. డ్రైవరుకు మాత్రం రెండో టెర్మినల్ అని ముందే చెప్పండి. 2023 సెప్టెంబరు నుంచి విదేశాల విమానాలన్నీ అక్కడి నుంచే.

టికెట్ లేనివాళ్లను లోపలికి పంపరు, కాబట్టి మా ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయారు. కౌంటరులో నేను అడిగింది ఒక్కటే: సామాను డాలస్ దాకా వేశారా అని. ట్యాగు మీద డాలస్ విమానాశ్రయం గుర్తు డీఎఫ్‌డబ్ల్యూ అక్షరాలు చూపించి, రెండు బోర్డింగ్ పాసులు చేతికిచ్చారు. ఇమిగ్రేషన్‌లో ఇదివరకు నింపించుకునే ఫారం 2017 జూలై నుంచి లేదు. పాస్‌పోర్టు, వీసా చూసి ముద్ర వేశారు.

నాకు అసలు దిగులంతా దోహాలో విమానం మారడం గురించే. నా పక్క సీట్లో రాయచోటి దగ్గర పల్లె ఆమె కూర్చుంది. పద్దెనిమిదేళ్లుగా కువైట్‌లో ఇళ్లల్లో పనిచేస్తోందట. "ఏ ఊరుక్కా మీది? యాడికి పోతాండారు?" అని తనే పలకరించింది. నా భయం చెప్పుకున్నాను. "నా ఎనకాలే రా అక్కా, నేనూ ఆడే మారాల" అంది.

దిగగానే దారి రెండుగా చీలింది. ఒకటి దోహా ఊళ్లోకి, ఇంకొకటి ట్రాన్స్‌ఫర్స్ అని. మనది రెండోది. అక్కడ మళ్లీ తనిఖీ ఉంటుంది, నీళ్ల సీసా ఖాళీ చేయాల్సిందే. దాటుకుని పోతే పెద్ద హాలు, నడుమ ఏడు మీటర్ల ఎత్తు పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ. దారి తప్పితే ఈ బొమ్మ కాడికొచ్చి నిలబడమంది ఆమె.

తర్వాత నన్ను బోర్డు ముందు నిలబెట్టింది. నేను డాలస్ అన్న పేరు కోసం వెతుకుతున్నాను. అంతలో ఊర్ల పేర్లన్నీ అరబ్బీలోకి మారిపోయాయి. నా గుండె జారింది.

"ఊరి పేరు సదవద్దు అక్కా. నంబరు సూడు. అది మారదు."

ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు, అక్షరాలూ అంకెలూ గుర్తుపడుతుంది, అంతే. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకు ఆ మాట తట్టలేదు. నా బోర్డింగ్ పాసు తీసుకుని, అందులోని విమానం నంబరు నా ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో ఒత్తి రాసింది. గేటు నంబరు ఇంకా బోర్డు మీద పడలేదు. "బయపడొద్దు, టైముంది. ఒగసారి సూసి కూచోవద్దు, మళ్లీ మళ్లీ సూడు" అని చెప్పి, కువైట్ విమానానికి టైమైందని పోయింది. వెళ్తూ వెళ్తూ నా గడియారం కూడా రెండున్నర గంటలు వెనక్కి తిప్పించింది. పాసు మీద ఉండేది అక్కడి టైమే కదా.

గేటు పడ్డాక పావుగంట నడిచి పోయి కూర్చున్నాను. కాసేపటికి ఆమె మాట గుర్తొచ్చి లేచి బోర్డు చూస్తే, నంబరు అదే, గేటు వేరే! యూనిఫాంలో ఉన్న ఒక అబ్బాయికి అరచేయి చూపించాను. దారి చూపించాడు. నేను చేరేసరికి జనం వరసలో నిలబడి ఉన్నారు. అక్కడే కూర్చుని ఎవరో పిలుస్తారులే అనుకునుంటే ఏమయ్యేదో!

డాలస్‌లో అధికారి ఎందుకొచ్చావు, ఎన్నాళ్లుంటావు అని అడిగాడు. కూతురి కాన్పుకు, అయిదు నెలలు అన్నాను. వేలిముద్రలు, ఫోటో తీసుకుని పంపించాడు. పెట్టెలు తీసుకున్నాక, తినేవి ఉన్నాయా అంటే దాచకుండా చెనిక్కాయల పొడి, మామిడికాయ ఊరగాయ అని చెప్పేశాను. పచ్చి కరివేపాకు మాత్రం వాళ్లు రానివ్వరు. అందుకే ఇంట్లోనే తీసేశాను.

బయట మా పాప నా చేయి పట్టుకుని, "ఏందిమ్మా ఇది?" అంది. రెండుసార్లు సబ్బుతో కడిగినా ఆ అంకెలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. రాయచోటి చెల్లి రాసింది అని చెప్పాను. ఆమె పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.