గోరు చెప్పని లెక్క

నాయుడుపేటలో మెకానిక్‌గా పనిచేసిన ఆరేళ్లూ ఇంజిన్ లైనర్, అంటే పిస్టన్ ఆడే గొట్టం, అరిగిందో లేదో గోటితోనే చూశాను. పైఅంచు దగ్గర గోరు తట్టుకుంటే అరిగినట్టు, లేదంటే పిస్టన్ చుట్టూ తొడిగే రింగులు వేసి బండి వదిలేయడమే. 2011లో చెన్నై వచ్చి, మాధవరంలో ఒక లారీ షెడ్డులో చేరాను. మొదటి వారంలోనే పెద్ద మేస్త్రి నా చేతికి బోరు, అంటే లైనర్ లోపలి వ్యాసం, కొలిచే బోర్ గేజ్ ఇచ్చి, వచ్చీరాని తెలుగులో "గోరు మర్చిపో తంబీ" అన్నాడు. ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

లైనర్ అంతా ఒకేలా అరగదు. పిస్టన్ పైకెళ్లి వెనక్కి తిరిగేటప్పుడు పై రింగు ఆగే చోట వేడి ఎక్కువ, ఆయిల్ పొర పలచన. ముందు అక్కడే తింటుంది. అందుకే పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కులా కొలవాలి.

ఒకసారి గూడూరు లారీ వచ్చింది. ఆయిల్ తాగుతోంది, ఇంజిన్ లోపలి గాలి బయటికి వదిలే బ్రీదర్‌లోంచి పొగ. "అన్నా, ఓనరు రింగులు మాత్రమే వేయమన్నాడు, రేపు లోడుంది" అన్నాడు డ్రైవర్. నాలుగో బోరు కొలిస్తే పైన 0.28 మిల్లీమీటర్లు అరిగింది, కింద 0.05. ఆ ఇంజిన్ మాన్యువల్ ఇచ్చిన హద్దు ఎప్పుడో దాటిపోయింది. ఓనరుకి ఫోన్ చేశాను.

"రింగులేస్తే ఆర్నెల్లు తిరగదా?" అన్నాడు.

"బోరు 0.28 పెరిగితే చుట్టుకొలత దానికి మూడింతల పైనే పెరుగుతుంది సార్. కొత్త రింగు వేసినా, అది తెగి ఉండే కొనల మధ్య సందు ఉండాల్సినదానికన్నా 0.88 ఎక్కువ ఉంటుంది. గ్యాసంతా అందులోంచే కిందికి దూరుతుంది. పైన అరగకుండా మిగిలిన గట్టుకి రింగు తగిలి విరిగినా విరుగుతుంది."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "రాసి పంపు" అన్నాడు. షెడ్డులో జాబ్ కార్డులన్నీ తమిళంలోనే ఉంటాయి. నేను వేరే కాగితం మీద ఆరు బోర్ల కొలతలూ తెలుగులో రాసి ఫొటో పంపాను. గంటకి లైనర్లు మార్చమని ఫోనొచ్చింది.

హద్దు ఇంజిన్‌కే కాదు, మన చేతులకీ ఉంది. ఈ మాట ప్రతి కొత్త కుర్రాడికీ చెబుతాను. పక్క షెడ్డులో ఒకతను ఇంజిన్ నడుస్తుండగా, నాజిల్‌కి డీజిల్ తీసుకెళ్లే పైపు కారుతోందేమోనని బొటనవేలితో తడిమాడు. సూది గుచ్చినంత చుక్క కనిపించింది. నొప్పి లేదు, తుడుచుకుని పనిలో పడ్డాడు. రాత్రికి చెయ్యి మోచేతి దాకా వాచింది. ఆపరేషన్ చేసి లోపలి డీజిల్ కడగాల్సి వచ్చింది. కామన్ రైల్ బళ్లలో, అంటే అన్ని నాజిళ్లకీ ఒకే పైపులోంచి డీజిల్ ప్రెషర్‌తో వెళ్లేవాటిలో, ఆ ప్రెషర్ 1,000 బార్ దాటుతుంది, చర్మం దానికొక లెక్క కాదు. ఇంజిన్ ఆపి, ప్రెషర్ దిగాకే పైపు ముట్టుకోవాలి. లీకు వెతకాలంటే అట్టముక్క పెట్టి దూరం నుంచి చూడాలి. ఒకవేళ గుచ్చుకుంటే, నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లి, డీజిల్ ప్రెషర్‌తో లోపలికి దిగిందని డాక్టరుకి చెప్పాలి. క్యాబిన్ ఎత్తాక లాక్ పడిందో లేదో చూడకుండా తల పెట్టేవాళ్లని చూస్తే ఇప్పటికీ నాకు గుండె దడే.

గూడూరు బండి మూడో రోజు బయల్దేరింది. కొత్త లైనర్ల కొలతలు కూడా రాసిమ్మని డ్రైవర్ అడిగాడు. రాసిస్తే మడిచి, పర్మిట్ కాగితాల కవర్లో పెట్టుకున్నాడు.