నొప్పి లేదు కదా అనుకున్నాను

ఆదివారం పొద్దున, షటిల్ కోర్టులో మూడో గేమ్, 17-17. నెట్ దగ్గర పడుతున్న డ్రాప్ అందుకుందామని ఎడమకాలితో నేలను తన్ని ముందుకు దూకబోయాను. మడమ పైన ఎవరో రాకెట్‌తో ఫట్‌మని కొట్టినట్టయింది. పార్ట్‌నర్‌ని తిడదామని వెనక్కి తిరిగితే ఆయన బేస్‌లైన్ దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏమైంది సార్?" అన్నాడు.

చిత్రం ఏమిటంటే పెద్దగా నొప్పి లేదు. లేచి నిలబడ్డాను కూడా. అడుగు వేస్తే మాత్రం పాదం బురదలో దిగబడినట్టు ఉంది, తిరిగి పైకి లేపే బలం లేదు. బెణికి ఉంటుందని స్ప్రే కొట్టి, ఐస్ పెట్టి ఇంటికి పంపారు.

నాకు 44 ఏళ్లు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. వారంలో ఐదు రోజులు కదలకుండా ఉండి, శని, ఆదివారాల్లో రెండేసి గంటలు షటిల్ ఆడేవాణ్ణి. మా కోర్టులో రిటైరైన మాస్టారు ఒకాయన అందరికంటే పావుగంట ముందే వచ్చి తాడాట ఆడి, కోర్టు చుట్టూ అడ్డంగా నడిచి, ఆ తర్వాతే రాకెట్ పట్టేవారు. మేము ఆయన్ని చూసి నవ్వుకుంటూ, షూ లేసులు కట్టుకుంటూనే సర్వీస్ అందుకునేవాళ్లం. అంతకు నాలుగు నెలల ముందు నుంచీ పొద్దున మంచం దిగగానే ఎడమ మడమ వెనక పట్టేసినట్టు ఉండేది. పది అడుగులు వేస్తే పోయేది. పోతోంది కదా అని పట్టించుకోలేదు.

సోమవారం ఆర్థోపెడిక్ డాక్టర్ నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు బయటికి వేలాడేలా జరపమన్నారు. కుడి పిక్కను చేత్తో గట్టిగా నొక్కారు. పాదం దానంతట అదే కిందికి కదిలింది. ఎడమ పిక్క నొక్కారు. పాదం కదల్లేదు. మళ్లీ నొక్కారు. ఊహూఁ. స్కానింగ్ తర్వాత తీశారు గానీ, విషయం ఆ నొక్కుడుతోనే తేలిపోయింది. పిక్కను మడమ ఎముకకు కలిపే అకిలీస్ టెండన్ పూర్తిగా తెగింది. మన వాడుకలో మడమ నరం అంటాం, నిజానికి అది నరం కాదు, తాడు లాంటిది. ఒంట్లో అన్నిటికంటే మందమైన టెండన్ అదే. మడమకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన దానికి రక్తం తక్కువగా అందుతుందట, ఎక్కువమందికి తెగేది అక్కడే. ముప్పై దాటి, వారాంతంలో మాత్రమే ఆడే మగవాళ్లు ఈ దెబ్బకు పెట్టింది పేరని ఆయన నవ్వుతూ చెప్పారు.

"ఈమధ్య యాంటీబయోటిక్స్ ఏమైనా వాడారా?" అని అడిగారు. నెల కిందట కడుపులో ఇన్ఫెక్షన్‌కి ఐదు రోజులు ఒఫ్లాక్సాసిన్ వేసుకున్నాను. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ కూడా ఆ కుటుంబం మందులే. వీటివల్ల టెండన్లు దెబ్బతినే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే మందు వివరాల పత్రంలో నల్లగీతల పెట్టె కట్టి హెచ్చరిక వేయించింది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. నాకు తెగింది దానివల్లేనని ఆయన అనలేదు, నేనూ అనను. కానీ అవి వాడుతున్న రోజుల్లో మడమ నొప్పి వస్తే ఆట ఆపి డాక్టర్‌తో మాట్లాడాలన్న సంగతి నాకు అంతకుముందు తెలియదు.

ఇంట్లో అమ్మ "పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దాంరా" అంది. విరిగింది ఎముక కాదమ్మా అని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. పక్కింటాయన ఆముదం వేడిచేసి పిక్క మర్దన చేయిస్తానన్నాడు. అది అసలే వద్దు. కదలకుండా ఉన్న కాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా పరుగున రమ్మని డాక్టర్ ముందే చెప్పారు.

ఆపరేషన్ లేకుండా బూటుతోనే అతికించే పద్ధతి కూడా ఉంది. రెండూ వివరించాక నేను ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. తర్వాత రెండు వారాలు సిమెంటు కట్టు. అటక మీది డబ్బా అందుకోవడానికి మునివేళ్ల మీద నిక్కితే పాదం ఎలా ఉంటుందో, అలా కిందికి వంచి కట్టారు. ఆ తర్వాత మోకాలి కింద దాకా ఉండే పెద్ద బూటు, మడమ కింద ఎత్తు కోసం మూడు దిమ్మలు. రెండు వారాలకొకటి చొప్పున దిమ్మ తీసేస్తూ పాదాన్ని మెల్లగా మామూలు స్థితికి తెచ్చారు. బూటు కాలు ఎత్తయి, రెండో కాలు పొట్టిదై నడుం పట్టేసింది. కుడికాలికి అడుగుభాగం మందంగా ఉన్న పాత చెప్పు వేసుకున్నాకే తగ్గింది. ఈ చిన్న ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే పది రోజుల బాధ తప్పేది.

బూటు తీసిన రోజు మా అమ్మాయి టైలర్ టేపుతో కొలిచింది. కుడి పిక్క 38 సెంటీమీటర్లు, ఎడమది 34న్నర. "నాన్నా, ఇది నీ కాలేనా?" అంది.

నేను తప్పులో కాలేసింది నాలుగో నెలలో. మామూలుగా నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను, నొప్పి లేదు. యూట్యూబ్‌లో చూసి, మెట్టు అంచున నిలబడి మడమ కిందికి వేలాడదీసి సాగదీయడం మొదలుపెట్టాను. ఒకరోజు పొద్దున స్టేడియంలో రెండు రౌండ్లు జాగింగ్ కూడా చేశాను. చేస్తున్నప్పుడు హాయిగానే ఉంది. మర్నాడు లేచేసరికి మడమ వెనక లావుగా వాచింది.

ఫిజియో అమ్మాయి వయసులో నాకంటే చాలా చిన్నది. బాగా చివాట్లు పెట్టింది. "నొప్పి లేదంటున్నారు, సరే సార్. ఎడమకాలి మీద ఒక్కదాని మీదే నిలబడి మడమ లేపండి" అంది. గోడకు చేతులానించి లేపబోయాను. మడమ కింద జిగురు పూసినట్టు నేలను వదల్లేదు. కుడికాలితో చేయమంటే 26 సార్లు లేపాను.

అతుక్కుంటున్న టెండన్‌ను సాగదీస్తే అది పొడుగైపోతుందట. పొడుగైన తాడుతో పిక్క ఎంత లాగినా మడమ పూర్తిగా లేవదు, ఆ బలహీనత ఎప్పటికీ ఉండిపోవచ్చు. బిగుతుగా ఉంటే భయపడొద్దు, సాగితేనే భయపడాలి అంది. నేను సరిగ్గా తిరగేసి చేస్తున్నాను. ఆ రోజు నుంచి సాగదీతలు బంద్, లెక్కలు మొదలు. ఏ వ్యాయామమైనా చేసిన రోజు కాదు, మర్నాడు పొద్దున ఎలా ఉందో చూసి డైరీలో రాయాలి. బిగుతు పెరిగితే ఒక మెట్టు వెనక్కి, లేకపోతే ఇంకో మెట్టు పైకి.

ముందు రెండు కాళ్లతో మడమలు లేపడం. తర్వాత రెండిటితో లేచి, ఎడమకాలి ఒక్కదానితో దిగడం. ఒంటికాలితో మొదటిసారి మడమ లేచింది ఆరో నెల మొదట్లో, వంటింట్లో కాఫీ కోసం నిలబడి ఉన్నప్పుడు. లేచింది బొటనవేలంత ఎత్తే. మా ఆవిడని కేకేసి పిలిచి చూపించాను. "దీనికా ఇంత అరుపు" అంది.

కుడి మడమను కూడా వదలొద్దంది ఫిజియో. ఒకటి తెగినవాళ్లకు రెండోదీ తెగడం ఉంటుందట. దానికి మెట్టు మీద మడమ నెమ్మదిగా దించే వ్యాయామం ఇచ్చింది. 15 సార్ల చొప్పున మూడు విడతలు మోకాలు నిటారుగా, మూడు విడతలు కొంచెం వంచి, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. అంటే రోజుకు 180. మడమ నొప్పులకు ఈ పద్ధతిని 1998లో స్వీడన్ డాక్టర్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం ప్రచురించింది. ఆయనకే మడమ నొప్పి ఉంటే, పై డాక్టర్ ఆపరేషన్ చేయనన్నాడని, తెగితేనైనా చేస్తారు కదా అని కావాలని బరువు వేశాడట. తెగకపోగా తగ్గింది. మొండితనం ఒక్కోసారి ఇలా పనికొస్తుంది, నా నాలుగో నెల మొండితనంలా కాకుండా.

ఏడో నెలలో నాలుగు నిమిషాల నడక, నిమిషం జాగింగ్. ఎనిమిదిలో తాడాట. తొమ్మిదిలో షటిల్ లేకుండా కోర్టులో అడుగులు మాత్రమే. మధ్యలో విసుగొచ్చినప్పుడల్లా పీవీ సింధును తలుచుకునేవాణ్ణి. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ చీలమండ నొప్పితోనే బంగారు పతకం గెలిచి, అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి పగులు అని తేలాక వరల్డ్ ఛాంపియన్‌షిప్ వదులుకుని, మళ్లీ 2023 జనవరిలోనే టోర్నమెంటు ఆడింది. వెనక అంత పెద్ద బృందం ఉన్న మనిషే ఐదు నెలలు ఆగితే, క్యాష్ కౌంటర్‌లో కూర్చునేవాడికి తొందరేమిటి?

పదో నెలలో ఎడమకాలు 24, కుడికాలు 26. ఫిజియో సరేనంది. డబుల్స్ మాత్రమే, వారానికి రెండుసార్లు, ఒక్కో గేమ్.

ఆ ఆదివారం మాస్టారికంటే ముందే కోర్టుకు వెళ్లాను. ఆయన వచ్చేసరికి నేను తాడాట ఆడుతున్నాను. ఏమీ అనకుండా తన తాడు తీసి పక్కన నిలబడ్డారు. గేమ్‌లో 15-16 దగ్గర అవతలివాళ్లు నెట్ దగ్గర డ్రాప్ వేశారు. నేను కదల్లేదు, చూస్తూ నిలబడ్డాను.

"అది అందేదే కదా సార్!" అన్నాడు పార్ట్‌నర్.

"అందేదే" అన్నాను.