రైతు చదవలేని పరిశోధన

హనుమకొండలో పత్తి గులాబీరంగు పురుగుపై నాలుగేళ్లు పనిచేసి రాసిన నా వ్యాసాన్ని, నర్సంపేట నుంచి వచ్చే నా పూర్వ విద్యార్థిని ఫోనులో తెరవబోతే, మూడు వేల రూపాయలు కట్టమన్న సందేశం ఎదురైంది. ఆ పరిశోధనకు ఖర్చు పెట్టింది ప్రజలు. హక్కులు మాత్రం ప్రచురణకర్తవి, ఎందుకంటే నేను సంతకం చేసి ఇచ్చాను.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 పరిశోధన పత్రికలను అందిస్తోంది. మంచిదే, కానీ చదువు ముగించుకొని వెళ్లినవారికి, రైతుకు అది వర్తించదు.

జర్మనీ 2013లో తన కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, కనీసం సగం ప్రజాధనంతో సాగిన పరిశోధన వ్యాసపు ఆమోదిత ప్రతిని (ప్రచురణకు పత్రిక అంగీకరించిన రాతప్రతిని), ప్రచురణకర్తతో ఒప్పందం ఏమి చెప్పినా, ప్రచురణ అయిన 12 నెలల తరువాత రచయిత ఉచితంగా అందుబాటులో పెట్టవచ్చు. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ బోధన కోసం ప్రతులు తీసుకోనిస్తుంది గాని, రచయితకు ఈ హక్కు ఇవ్వదు; దానిని చేర్చాలని గట్టిగా కోరుతున్నాను.