రక్తం తీసే కుర్చీ దగ్గర: క్లినిక్ ల్యాబ్‌లో నా అనుభవం

ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా (డీఎంఎల్‌టీ) అయ్యాక నేను చేరింది నరసరావుపేటలో ఒక ఫిజీషియన్ గారి క్లినిక్‌ని ఆనుకుని ఉన్న చిన్న ల్యాబ్‌లో. ముందు గదిలో రక్తం తీసే కుర్చీ, వెనక గదిలో రక్తకణాలు లెక్కపెట్టే సెల్ కౌంటర్, షుగర్ లాంటివి కొలిచే సెమీ ఆటో ఎనలైజర్, ట్యూబుల్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్, ఒక మైక్రోస్కోప్. అంతే. నాకు పని నేర్పిన అక్క చాలాకాలం నన్ను వెనక గదికి పంపలేదు. "రిపోర్ట్ చెడేది మిషన్ దగ్గర కాదమ్మాయ్, ఎక్కువసార్లు ఈ కుర్చీ దగ్గరే" అనేది. ఇన్నాళ్లు పనిచేశాక నాదీ అదే మాట. అందుకే ఆ కుర్చీ దగ్గర నేర్చుకున్నవే ఎక్కువగా రాస్తున్నాను.

సూది చేతికివ్వకముందు అక్క వేళ్లతో చూడటం నేర్పింది. మోచేతి మడత మధ్యలో ఉండే సిర మొదట చూడాలి. అది లావుగా ఉంటుంది, పక్కకి జారదు, నొప్పీ తక్కువ. చిటికెన వేలి వైపు ఉన్నదాని జోలికి తప్పనిసరైతే తప్ప వెళ్లకూడదు, దాని దగ్గరే ధమని, నాడి ఉంటాయి. కంటికి కనిపించేదానికన్నా వేలికి తగిలేదాన్ని నమ్మాలి. నొక్కి వదిలితే మంచి సిర స్పాంజిలా పైకి లేస్తుంది. కొట్టుకుంటుంటే అది ధమని, వదిలెయ్యాలి. కొన్నాళ్లపాటు ఇంట్లో అందరి చేతులూ పట్టుకుని చూసేదాన్ని.

రబ్బరు పట్టీ గుచ్చే చోటికి నాలుగు వేళ్ల పైన కట్టాలి, ఒక నిమిషం దాటనివ్వకూడదు. ఎక్కువసేపు ఉంచితే రక్తంలోని నీరు సిరలోంచి చుట్టుపక్కలకి పోయి, మిగిలిన రక్తం చిక్కబడుతుంది. ప్రొటీన్, కొలెస్ట్రాల్ లాంటివి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ఇంకోటి, చాలామంది కూర్చోగానే చెయ్యి చాచి పిడికిలి గబగబా మూసి తెరుస్తుంటారు. దానివల్ల పొటాషియం పెరుగుతుంది. "అక్కర్లేదు బాబాయ్ గారూ, మెల్లగా మూసి ఉంచండి చాలు" అని రోజూ ఎవరో ఒకరికి చెబుతుంటాను. స్పిరిట్ దూదితో తుడిచాక ఆరేదాకా ఆగాలి. తడి మీద గుచ్చితే మంట పుడుతుంది, స్పిరిట్ కలిసి ఎర్ర కణాలు పగిలే అవకాశం కూడా ఉంది.

ఒక పెద్దమ్మ గారు గుర్తున్నారు. చేతి నిండా గాజులు, సన్నటి చెయ్యి, ఎంత వెతికినా వేలికేమీ తగల్లేదు. "నాకు నరం దొరకదమ్మా, ఎక్కడికెళ్లినా నాలుగుచోట్ల పొడుస్తారు" అన్నారు. పరగడుపున రమ్మన్నామని రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లు కూడా ముట్టలేదట. పరగడుపు పరీక్షకి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఏమీ తినకూడదు గానీ మామూలు నీళ్లు తాగొచ్చు, తాగితేనే మంచిది. ఆవిడకి రెండు గ్లాసుల నీళ్లిచ్చి కాసేపు కూర్చోబెట్టాం. అక్క గోరువెచ్చటి నీళ్లలో పిండిన గుడ్డ మోచేతికి చుట్టింది. గాజులు కాస్త కిందికి జరిపి, చెయ్యి కిందికి వాల్చి, సన్నటి గొట్టం తగిలించి ఉండే 23 గేజ్ బటర్‌ఫ్లై సూది, వాలు అంచు పైకి ఉండేలా, బాగా ఏటవాలుగా పెట్టాను. ఆ గొట్టంలో ఎర్రగా మెరిసింది. ఒకే పోటు. పెద్దమ్మ గారు నా తల నిమిరారు. ఆ రోజు నుంచి పరగడుపు పరీక్ష రాసిన ప్రతి చీటీ మీదా "మంచినీళ్లు తాగవచ్చు" అని నేనే చేత్తో రాసిస్తున్నాను.

ట్యూబుల సంగతి వేరే. వాటిని మూత రంగుతో పిలుస్తాం. లేత నీలం, ఆ తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆ తర్వాత ఊదా, చివరికి బూడిద. నింపేటప్పుడు ఈ వరస తప్పకూడదు. ఎందుకో నాకు బుర్రకెక్కింది ఒక కాగితం చూశాక. వేరే చోట పరీక్ష చేయించుకున్న ఒకాయన రిపోర్ట్ పట్టుకుని హడావుడిగా వచ్చాడు. పొటాషియం 8 దాటింది, కాల్షియం 4కి పడిపోయింది. నిజంగా అలా ఉంటే మనిషి నడిచి రాలేడు. ఈసీజీ శుభ్రంగా ఉంది. అక్క కాగితం చూసి, "ఊదా ట్యూబ్‌లోది ఎర్రదాంట్లో పోసినట్టున్నారు" అంది. ఊదా ట్యూబ్‌లో ఉండే ఈడీటీఏ పొటాషియం లవణం. అది కాల్షియాన్ని పట్టేసుకుని రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. అది ఎర్రదాంట్లో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం (సీరమ్) కోసం వాడే ట్యూబ్‌లో పడిందంటే పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ చూపిస్తుంది. మళ్లీ తీసి చేస్తే రెండూ మామూలుగా వచ్చాయి. ఆయన ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది.

సిరంజితో తీసినప్పుడు సూది విప్పేసి, మూత తీసి, ట్యూబ్ గోడ మీదుగా మెల్లగా వదలాలి. సూదిలోంచి గట్టిగా నెడితే కణాలు పగిలి, సెంట్రిఫ్యూజ్ తిప్పాక సీరమ్ ఎర్రగా కనిపిస్తుంది, అది పొటాషియం పరీక్షకి పనికిరాదు. సీరమ్ ట్యూబ్ అరగంట నిలబెట్టి పూర్తిగా గడ్డకట్టాకే తిప్పాలి. డాక్టర్ గారు ఎంత తొందరపెట్టినా అక్క ఆ అరగంట తగ్గించేది కాదు. షుగర్‌కి బూడిద ట్యూబ్ ఎందుకంటే, తీసిన తర్వాత కూడా కణాలు గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబ్‌లో అలాగే వదిలేస్తే గంటకి 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది.

వానాకాలంలో డెంగీ జ్వరాలప్పుడు ప్లేట్‌లెట్ల టెన్షన్ చూడాలి. ఊదా ట్యూబ్‌ని నింపిన వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. కలపడం ఆలస్యమైతే లోపల చిన్న గడ్డ కడుతుంది, ప్లేట్‌లెట్లు దాంట్లో చిక్కుకుపోతాయి. కొందరి రక్తంలోనైతే ఎంత బాగా కలిపినా ఈడీటీఏ తగిలితే చాలు ప్లేట్‌లెట్లు ముద్దకట్టేస్తాయి. మిషన్ ఆ ముద్దల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు.

ఒక అబ్బాయికి అలాగే 38 వేలు చూపించింది. వాళ్ల నాన్నగారు గుంటూరు తీసుకెళ్లడానికి అప్పటికే కారు మాట్లాడుతున్నారు. "ఒక్క పావుగంట ఆగండి అన్నయ్యగారూ" అని అక్క ఆపింది. నన్ను స్లైడ్ చేయమంది. చుక్క పెట్టి, ఇంకో స్లైడ్ అంచుతో లాగి, ఆరబెట్టి, లీష్‌మన్ రంగు వేసి, నూనె చుక్క పెట్టి వంద లెన్స్ కింద చూశాను. పూత పలచబడిన చివర ఊదారంగు ముద్దలు, ఒక్కోదాంట్లో ఇరవై ముప్ఫై ప్లేట్‌లెట్లు. అక్క కూడా చూసి తలూపింది. ఈడీటీఏ లేని లేత నీలం ట్యూబ్‌లో మళ్లీ తీసి మిషన్‌లో పెడితే 1 లక్షా 62 వేలు వచ్చింది. ఆ ట్యూబ్‌లో ముందే ద్రవం ఉండి రక్తం కాస్త పలచబడుతుంది కాబట్టి 1.1తో హెచ్చించాలి, అంటే లక్షా 78 వేలు. డాక్టర్ గారు కూడా స్లైడ్ చూసి, జ్వరానికి మందు రాసి ఇంటికి పంపారు.

అందరి విషయంలో ఇలాగే ఉంటుందని కాదు. ఆ సీజన్లో తక్కువ వచ్చిన లెక్కల్లో చాలావరకు నిజంగానే తక్కువ ఉంటాయి, స్లైడ్ మీదా అక్కడొకటి ఇక్కడొకటే కనిపిస్తాయి. అలాంటివాళ్లని ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు. ఏది ఏదో తేలేది స్లైడ్ చూస్తేనే. తక్కువ లెక్క వచ్చినప్పుడు స్లైడ్ చూడకుండా కాగితం బయటికివ్వడం నాకు మనసొప్పదు.

రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లని ముందే అడిగి పడుకోబెట్టి తీస్తాను. సూది బయటికొచ్చాక దూది పెట్టి చెయ్యి చాచే నొక్కి పట్టుకోవాలి, మడిస్తే లోపల నల్లగా కమిలిపోతుంది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా కట్టర్‌లో కోసి, తెల్లటి గట్టి డబ్బాలో వేస్తాం. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ వేయించుకోనిదే అక్క నన్ను సూది ముట్టనివ్వలేదు.

ఇప్పుడు పొద్దున్నే కుర్చీ దగ్గర నేనే ఉంటున్నాను. "మీరు వెంకటేశ్వరమ్మ గారేనా?" అని అడగను, కంగారులో ఉన్నవాళ్లు దేనికైనా ఊ కొడతారు. "మీ పేరు, వయసు చెప్పండమ్మా" అంటాను. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఒకే ఊరి నుంచి ఒకే ఆటోలో దిగిన రోజులున్నాయి. ఖాళీ ట్యూబుల మీద ముందే పేర్లు రాసి పెట్టుకోను. రక్తం తీశాక, మనిషి కుర్చీలోంచి లేవకముందే లేబుల్ అంటిస్తాను. ఎక్కడ అనుమానం వచ్చినా ఆ ట్యూబ్ పారేసి మళ్లీ తీస్తాను. రెండోసారి గుచ్చించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు గానీ, ఎందుకో వివరంగా చెబితే దాదాపు అందరూ చెయ్యి చాపుతారు.