బండి దగ్గి ఆగిందా? ముందు ట్యాంకు మూత తెరిచి చూడండి

దుబాయ్, షార్జాల్లో డెలివరీ చేసే మనవాళ్ళు నిజామాబాద్, జగిత్యాల నుంచి వచ్చినా, కడప, కోనసీమ నుంచి వచ్చినా, బండి ఆగిందంటే ఆర్డర్లు ఆగినట్టే. గ్యారేజీ దాకా తోసుకెళ్తే సగం రోజు పోతుంది. కార్బురేటర్ ఉన్న యూనికార్న్, పల్సర్ 150 లాంటి బండ్లకి పెట్రోలు అందకపోతే, కారణం చాలాసార్లు రోడ్డు పక్కనే తెలిసిపోతుంది.

బండి ఎలా ఆగిందో గుర్తుంచుకోండి. నడుస్తూ నడుస్తూ టక్కున ఆగితే కరెంటు వైపు చూడాలి. పికప్ తగ్గి, దగ్గి దగ్గి ఆగితే పెట్రోలు అందట్లేదు. పది నిమిషాలు నిలబెడితే స్టార్టయి, నాలుగైదు కిలోమీటర్లకే మళ్ళీ అదే వరస అయితే మొదటి అనుమానం ట్యాంకు మూత మీదే.

ఆ మూతలో సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. షమాల్ (ఇక్కడి వాయవ్య గాలి) లేపిన దుమ్ము ఆ రంధ్రంలో చేరుతుంది, బండి కడిగిన నీళ్ళు తగిలి గట్టిపడుతుంది. గాలి రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. బండి ఆగిన వెంటనే మూత తెరవండి. గాలి హుస్సుమని లోపలికి లాగి, నిమిషం ఆగాక బండి స్టార్టయితే జబ్బు దొరికినట్టే. ఎండలో నిలబెట్టిన ట్యాంకు తెరిస్తే గాలి బయటికి కూడా తన్నొచ్చు. అది పెట్రోలు ఆవిరి. మనకి కావాల్సిన గుర్తు గాలి లోపలికి లాగడం. రంధ్రంలో పిన్నీసు గుచ్చొద్దు, లోపలి చిన్న వాల్వు పాడవుతుంది. మూత ఊడదీయించి కంప్రెసర్ గాలి కొట్టించండి.

మూత బాగుంటే పెట్రోలు ధార చూడాలి. దీనికి ఇంజిను, సైలెన్సరు పూర్తిగా చల్లారాలి. దుబాయ్‌లో డెలివరీ వాళ్ళకి ఆర్టీఏ (అక్కడి రోడ్లు, రవాణా సంస్థ) కట్టిన ఏసీ రెస్ట్ స్టాపు దగ్గర్లో ఉంటే అక్కడ కూర్చుని ఆగండి. తర్వాత ట్యాంకు కింది పెట్రోలు ట్యాపు మూసి, కార్బురేటర్ దగ్గర పైపు లాగి, ఖాళీ నీళ్ళ సీసాలో పెట్టి ట్యాపు తెరవండి. దగ్గర్లో సిగరెట్ ఉండకూడదు. ధార తెగకుండా రావాలి. మొదట బాగా వచ్చి అర నిమిషంలో చుక్కలకి దిగితే మళ్ళీ మూతే. మొదటి నుంచీ సన్నగా వస్తే ట్యాపు పైనున్న జాలీలోనో ఫిల్టర్లోనో చెత్త ఉంది. వాక్యూం ట్యాపు ఉన్న బండికి ఈ పరీక్ష పనికిరాదు, ఇంజిన్ తిరిగితేనే దానికి పెట్రోలు దిగుతుంది.

పట్టిన ఆ సీసాని వెలుతురుకి ఎత్తి పట్టండి. అడుగున గుండ్రటి పూసల్లా ఏవైనా దొర్లుతుంటే అవి నీళ్ళు. పెట్రోలు కంటే బరువు కాబట్టి కిందికి చేరతాయి. అవి ఎక్కువగా ప్రెషర్ వాష్‌లో వస్తాయి. మూత చుట్టూ ఉన్న గుంటలోంచి నీళ్ళు బయటికి పోవడానికి ఒక సన్నటి దారి ఉంటుంది. దుమ్ముతో అది పూడితే నీళ్ళు నిలిచి ట్యాంకులోకి జారతాయి. అందుకే కడిగేవాడికి మూత మీద నేరుగా కొట్టొద్దని చెప్పాలి. కార్బురేటర్ అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, అందులో చేరిన నీళ్ళు కూడా తీసేయాలి.

జెట్లంటే కార్బురేటర్లో పెట్రోలు వెళ్ళే సన్నటి రంధ్రాల ముక్కలు. ధార బాగున్నా ఐడిలింగ్ నిలవకపోతే స్లో జెట్, ఫుల్ రేస్‌లో మాత్రమే గుంజకపోతే మెయిన్ జెట్ చూడాలి. జెట్లలో ఇనప తీగ దూర్చనివ్వొద్దు, రంధ్రం పెద్దదై మైలేజీ పడిపోతుంది. 91 ఆక్టేన్ పెట్రోలు బదులు స్పెషల్ 95 పోయిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఆక్టేన్‌కీ పెట్రోలు అందకపోవడానికీ సంబంధం లేదు.

రెస్టారెంట్ ముందు పది నిమిషాలు ఆపి వచ్చాక స్టార్ట్ కాకపోవడం వేరే సంగతి. ఇంజిన్ వేడికి కార్బురేటర్లో పెట్రోలు మరిగి, ఆవిరి ఇంజిన్లోకి చేరుతుంది. అప్పుడు చోక్ లాగితే ఇంకా ముదురుతుంది. చోక్ ముట్టుకోకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టి సెల్ఫ్ కొట్టండి.

ఇంజెక్షన్ బండి అయితే తాళం తిప్పగానే ట్యాంకులో పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మనాలి. అనకపోతే కిల్ స్విచ్, ఫ్యూజు చూడండి. బండి పడిపోయి ఉంటే తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. పంపు మోగుతూనే గుంజకపోతే పెట్రోలు ప్రెషర్ కొలవాలి. హోండా చిన్న బండ్లలో అది దాదాపు 3 బార్ ఉండాలి. పంపు నుంచి వచ్చే పెట్రోలు పైపు రోడ్డు మీద లాగొద్దు, పెట్రోలు చిమ్ముతుంది. పంపుని చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే కాబట్టి వేసవిలో పావు ట్యాంకు కంటే తగ్గనివ్వకండి.

దుబాయ్ అల్ ఖూజ్‌లోనైనా షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోనైనా మెకానిక్ మలయాళీ అయినా పాకిస్తానీ అయినా హిందీ నడుస్తుంది. 'బండి ఖరాబ్' అని ఊరుకుంటే కార్బురేటర్ విప్పి దానికీ డబ్బు తీసుకుంటాడు. 'ఢక్కన్ ఖోల్నే సే చల్తీ హై' (మూత తెరిస్తే నడుస్తుంది) అనండి, నేరుగా మూత దగ్గరికే వస్తాడు. బండి కంపెనీదో అద్దెదో అయితే మీరు స్క్రూ ముట్టుకోవద్దు. మూత తెరవడం, ఆ వెంటనే బండి స్టార్టవడం ఒకే వీడియోలో తీసి, విప్పకముందే సూపర్‌వైజర్‌కి పంపండి. రిపేరు ఖర్చు ఎవరిదన్న మాట వచ్చినప్పుడు చూపించడానికి మీ చేతిలో అది ఉంటుంది.